అడవిలో పేరు పెట్టి పిలవరు

మా ఊళ్ళో అడవికి పోతే ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిస్తే అడవి ఆ పేరు నేర్చుకుంటుందట, మనం ఒంటరిగా ఉన్నప్పుడు అదే పిలుస్తుందట. అందుకని "కూ" అని ఒక కూత పెడతారు. విన్నవాళ్ళు ఎవరైనా సరే, తిరిగి "కూ" అని పలకాలి. ఈ సంగతి పట్నంలో, నేనుండే అశోక్ నగర్ హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేమన్నా ఉందా! గదిలో నాతో ఉండే ఇద్దరు అమ్మాయిలకూ నాది వరంగల్ అని చెప్పుకున్నాను. వరంగల్లో ఎక్కడ అంటే, కొంచెం లోపలికి అన్నాను. ఎంత లోపలికో వాళ్ళకేం తెలుసు! బస్సు దిగి వాగు దాటాలి. వానాకాలం వాగొస్తే బడికి సారు కూడా రాడు.

ఎండాకాలం మాకు తునికాకు పని. బీడీలు చుట్టే ఆకు అది. తెల్లవారకముందే సద్ది కట్టుకుని ఊరు ఊరంతా అడవిలో పడేది. పిల్లలకు సెలవులంటే అవే. ఎండ ముదిరేలోగా కోసి, నారతో కట్టలు కట్టి, వాటిని ఎండబోసే కల్లానికి మోయాలి. వేళ్ళు నల్లబడి గరుకెక్కేవి, బడి తెరిచేనాటికి కూడా ఆ నలుపు పోయేది కాదు. ఒకసారి కొత్తగా వచ్చిన మేడం నా చేతులు చూసి కడుక్కుని రా పో అంది. కడుక్కునే వచ్చాను మేడం అనడానికి నోరు రాలేదు. బోరింగు దగ్గరికి పోయి మళ్ళీ కడుక్కున్నాను, ఎర్రబడేదాకా. ఆ సిగ్గు ఇప్పటికీ నా వేళ్ళలోనే ఉంది, కొత్తవాళ్ళు కనబడితే చేతులు చున్నీలో దాచుకుంటాను.

అంతకుముందు ఎండాకాలం ఒక పొద్దున తునికిపళ్ళు తెగ తిని పొద చాటున నిద్రపోయాను. అమ్మ కూత పెట్టిందట, నేను పలకలేదు. గుడ్డేలుగు, అదే ఎలుగుబంటి, తిరిగే చోటు. కల్లంలో పని ఆపేసి ఊరు ఊరే నాకోసం వెతికింది. దొరికాక అమ్మ నన్ను తువ్వాలతో బాదింది, బాదుతూ బాదుతూ కూలబడి ఏడ్చింది. పిలిచేవాళ్ళు ఎక్కడున్నా తప్పిపోయినట్టు కాదు, పలకనివాళ్ళే తప్పిపోయినట్టు, అదీ మా ఊరి లెక్క. ఆ తర్వాత అడవిలో నేనెప్పుడూ పలక్కుండా లేను. అంతమంది పిల్లల కూతల్లో నాది అమ్మ ఇట్టే పట్టేది. మేకపిల్లలాగా చివర సాగదీస్తానట.

మొన్న అమ్మకు చూపు ఆనడం లేదంటే నారాయణగూడలో కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మన్నాను. చుక్కలు వేసి పరీక్ష చేశారు. సాయంత్రందాకా మసకగానే ఉంటుందన్నారు. ఆటోలో చిక్కడపల్లి మీదుగా తీసుకొచ్చి, హాస్టలు సందు మొదట్లో దిగాం. ఎదురుగా టీ బండి దగ్గర నా గదివాళ్ళిద్దరూ చెయ్యి ఊపారు. అమ్మను పుస్తకాల షాపు మెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళ బాటిల్ తెస్తానని చెప్పి అటు పోయాను. ఎవరొచ్చారని అడిగారు. "ఊరి నుంచి వచ్చిండ్రు" అన్నాను. మా అమ్మ అనలేదు. అబద్ధం కాదులే అని మనసుకు సర్ది చెప్పుకున్నాను కూడా, అంత తెలివి నాకు.

అంతలో కోచింగ్ సెంటరు వదిలారు. మెట్ల మీది నుంచి జనం ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు. వాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ పోతుంటే, ఆ గోల మధ్యలోంచి వినబడింది.

"కూ..."

మా అమ్మ. మెట్టు దిగి నిలబడి, మసక కళ్ళతో ఏమీ కనబడక, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి కూత పెడుతోంది. జనం నడక ఆపి చూశారు. ఎవడో వెక్కిరింపుగా కోడి కూత కూశాడు, అందరూ నవ్వారు. నా గదివాళ్ళు కూడా నవ్వారు. పాపం, వాళ్ళకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. పట్టుమని పది అడుగుల దూరం కూడా లేదు. నోరు తెరిచాను, మూశాను. అమ్మ మళ్ళీ కూసింది.

అప్పుడు జిరాక్సు షాపు ముందు నుంచి ఎవరో గట్టిగా పలికారు, "కూ" అని.

నేను కాదు. ఎవరో ముప్పై దాటిన మనిషి, చేతిలో కాయితాలు, మెడలో బ్యాగు. ఏ అడవి పక్క ఊరివాడో. ఆలోచించి పలికినట్టు లేదు, దానంతటదే వచ్చేసినట్టుంది. జనం ఈసారి అతన్ని చూసి నవ్వారు. అతనికి చీమ కుట్టినట్టు కూడా లేదు. అమ్మ మొహం వెలిగింది, చేతులు చాపుకుంటూ ఆ గొంతు వైపు నడిచింది. నా వైపు కాదు.

"ఏందమ్మా, తొవ్వ తప్పినవా?" అన్నాడు.

"నేను తప్పలే బిడ్డా, ఈడనే ఉన్న. నా బిడ్డ తప్పింది. పలుకుత లేదు."

 ఇంకేం ఆలోచించలేదు, కూత పెట్టాను. కూసి ఎన్నేళ్ళయిందో ఏమో. చివర సాగకుండా దగ్గులాగా ముక్కలైపోయింది. గదివాళ్ళ నవ్వు ఆగిపోయింది.

"అగో, పలికిందమ్మా," అన్నాడతను.

అమ్మ తల పక్కకు వంచి విన్నది.

"గది మా పిల్లది గాదయ్యా. మా పిల్ల గట్ల కూయది," అంది.

నేను జనాన్ని తోసుకుంటూ పోయి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. గదివాళ్ళిద్దరూ నా వెనకే వచ్చి నిలబడ్డారు. "నేనేనే అమ్మా," అన్నాను, వాళ్ళు వినేటట్టు. అమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.