ఆయన తల వెనక వెలుగు

మా ఆయనకు ఫోటో అంటే గిట్టదు. కెమెరా కనబడితే మెడ తిప్పుకునేవాడు. మా ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటిలో ఆయన చెవి ఉంది, భుజం ఉంది, ముఖం లేదు. పోయినాక సంవత్సరీకానికి గోడకు పెడదామని వెతికితే, కోదాడలో ఓ పెళ్లిలో తీసింది ఒక్కటే నిండు ముఖంతో దొరికింది. అది కూడా ఎదురుగా మటన్ బకెట్ వస్తుంటే అటు చూశాడు గనుక.

తీసింది నా కూతురి కూతురు. సూర్యాపేటలో ఓ స్టూడియోలో పెళ్లి ఫోటోలు సరిచేసే పని చేస్తుంది. ఫంక్షన్ హాల్లో ఆయన కూర్చున్న మూల లైటు సరిగా లేదు, వెనక నల్ల పరదా. అయినా రా ఫైలు ఉంది, ఫికరు లేదంది. అదేమిటని అడిగితే, కెమెరా తాను చూసింది చూసినట్టు ఏమీ కలపకుండా దాచుకున్నదని, రంగూ వెలుగూ తర్వాత కంప్యూటర్లో మనమే తేవాలని చెప్పింది.

మొదటిసారి తెచ్చిన ఫోటో చూసి, ఇదెవరు అని అడిగాను.

"తాతనే, అమ్మమ్మా."

"మీ తాతకు గింత నున్నటి మొకం ఎన్నడున్నదే? గుడ్డు పొట్టు తీసినట్టు చేసినవ్."

చీకట్లో తీస్తే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయట. వాటిని చెరిపితే, చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆయన ముఖం మీద మిగిల్చిన గుంటలు కూడా వాటితోనే పోయాయి. ఇసుక ఏదో, మనిషి ఏదో యంత్రానికి తెలియదు.

అక్షరాలు నేను యాభై దాటినాక నేర్చుకున్నాను. సాయంత్రం బడిలో పంతులమ్మ నా వంకర రాత మీద తన బలపంతో దిద్దేది. పలక చూసి అందరూ ఎంత బాగుందనేవాళ్లు. అందులో నా గీత ఒక్కటీ మిగిలేది కాదు. అది యాదికొచ్చి, "దిద్దింది సాలు, మీ తాతను తీసుకురా పో" అన్నాను. పొద్దున లేస్తే ఆ ముఖం చూడాల్సింది నేను. గోడ మీద ఎవరో మగాయనను పెట్టుకుని ఇంట్లో ఎట్లా తిరగను?

రెండోసారి పిల్ల చుక్కలు కొంచెమే తీసి, గీతలు తేలాలని పదును గట్టిగా పెట్టింది. ముఖం కొంత తేలిన మాట నిజమే. కానీ తల చుట్టూ తెల్లటి వెలుగొచ్చింది, క్యాలెండర్లో దేవుళ్లకు ఉన్నట్టు. ఆ రోజే మా వదిన మా ఇంట్లో ఉంది. ఆయనకు అక్క. మిర్యాలగూడ నుంచి కంటి దవాఖానకని వచ్చింది. ఫోటో అందుకుని కళ్లకద్దుకుంది.

"సూసినవా పిల్లా, మా తమ్ముడు యాడికి చేరిండో."

"యాడికి చేరిండు వదినె, మటన్ బకెట్ కాడనే ఉన్నడు."

"నీ నోట్లె మన్నువడ. తల ఎనక వెలుగు కనవడ్తలేదా?"

మనవరాలు మెల్లగా చెప్పబోయింది. "గది వెలుగు కాదవ్వా, నా తప్పు. నల్ల పరదా, తెల్ల ఎంట్రుకలు కలిసేకాడ పదును ఎక్కువైతే గట్ల తెల్లంచు వస్తది."

"మా తమ్ముని సంగతి నీ కంప్యూటరుకు ఏం తెలుసే" అని వదిన ఆ ఫోటోను మిర్యాలగూడ పట్టుకుపోయి దేవుని గూట్లో పెట్టింది. కుంకుమ పెట్టింది. ఫోన్లో తీసి చుట్టాలందరికీ పంపింది. కోదాడ నుంచి మా వియ్యపురాలు నాకు ఫోన్ చేసి, "అన్నయ్యగారు అంతటి మహానుభావులని మాకు తెలియలేదండీ వదినగారూ" అంది. నాకు మాత్రం తెలుసా అన్నాను. పేకముక్కలు చేతిలో ఉంటే అన్నం కూడా మరిచే మనిషాయన.

సంవత్సరీకానికి అదే ఫోటో పెద్దది చేయించాలని వదిన పట్టుబట్టింది. కాదంటే, తమ్ముడి మంచి పేరు ఓర్వలేకపోతున్నానని ఊరంతా చెబుతుంది. సరేనంటే, ఉన్నన్నాళ్లూ నేను ఎవరో దేవునికి దండం పెట్టుకుంటూ, పెనిమిటి ముఖం మరిచిపోతాను.

ఇగ లాభం లేదని పిల్లను ల్యాప్‌టాప్‌తో సహా మిర్యాలగూడ బస్సెక్కించి నేనూ ఎక్కాను. వదిన మంచం మీదే ఆ రా ఫైలు తెరిపించాను. మురికినీళ్ల రంగులో చీకటిగా ఉంది. పిల్ల వెలుగు పెంచితే ముఖమంతా ఇసుక లేచింది. పదును పెట్టలేదు గనుక తల చుట్టూ ఏమీ లేదు, ఉత్త పరదా. వదిన ముఖం మాడింది.

"ఉన్న వెలుగు తీసేసి మా తమ్ముని మొకాన దుమ్ము పోస్తున్నరా?"

"దుమ్ము కొంత కెమెరాది, కొంత తాతది అవ్వా. ఏది తాత మచ్చనో అమ్మమ్మ చెప్తే, గది ఉంచి చుట్టుపక్కలది తుడుస్త."

ఇద్దరూ నా వైపు చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి వంగాను. ఎంత చూసినా ఏది గుంటో, ఏది చుక్కో తేలలేదు. అంత నోరు చేసుకుని వచ్చి, ముక్కు పక్కన ఒకటి చూపించాను. పిల్ల దాన్ని పెద్దది చేసింది. ఆకుపచ్చగా ఉంది. మనిషి ముఖం మీద ఆకుపచ్చ మచ్చ ఉండదు కదా.

"జరుగు" అంది వదిన. "ఇన్నేండ్లు ఎవని మొకం సూసినవే నువ్వు?"

"సూడనిస్తె గద వదినె. ఎప్పుడు సూసినా పేకల్నే తల."

వదిన నవ్వలేదు. తెర మీద వేలు పెట్టింది. ముక్కు పక్కన కాదు, ముక్కు కింద. కనుబొమ్మ చివర జంటగా రెండు. గడ్డం మీద అన్నిటికంటే లోతుది, వద్దన్నా గోకుతుంటే వేపమండతో చేతులు కొట్టినా ఆగలేదట. అప్పటికి ఆమె కూడా చిన్నపిల్లే. అమ్మానాయన నాట్లకు పోతే తమ్ముడి పక్కన కూర్చున్నది ఆమె. ఈ సంగతి నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, ఆయన అసలే చెప్పలేదు.

ఆమె వేలు పెట్టినచోటల్లా పిల్ల అట్లాగే ఉంచి, మిగతాది పలుచగా తుడుస్తూ పోయింది. తుడిచేకొద్దీ ఆయన వచ్చాడు, ఆకలి మీద ఉన్న ముఖంతో.

"తెల్లంచు మళ్ల పెట్టాల్నా అవ్వా?" అని పిల్ల అడిగింది.

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వద్దు. అది పెడితే వీడు కనవడడు."

గూట్లోది మాత్రం తియ్యలేదు. కుంకుమ పెట్టినదాన్ని ఎట్లా తీస్తామంది. నేనూ తియ్యమనలేదు.

సంవత్సరీకం నాడు వియ్యపురాలు కోదాడ నుంచి వచ్చి గోడ ముందు నిలబడింది. "ఫోటో కాస్త గరుగ్గా వచ్చినట్టుందండీ. కెమెరా మంచిది కాదా?"

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది.

"కెమెరా మంచిదే. మొకమే గరుకు."