లేత్ మీద పాప ఎత్తు

"ఈడ గీతలుండె కదప్పా, ఏమాయె?" అంటూ మునిరత్నంగారు ఇనుమును చెక్కే లేత్ యంత్రం అంచును తడిమి చూశారు.

అది పాత కర్మాగారాల చరిత్రపై బెంగళూరులో జరిగిన సదస్సు. విలేకరిగా వెళ్లిన నేనే ఆయన్ను వెంటబెట్టుకెళ్లాను. పీణ్య పారిశ్రామికవాడలో కార్మికుడిగా ఆయన నడిపిన యంత్రాన్నే అక్కడ ప్రదర్శనకు పెట్టారు. ఏటా ఆయుధపూజనాడు కూతుర్ని దాని పక్కన నిలబెట్టి, ఆమె ఎత్తు దగ్గర ఆకురాయితో గీత గీసేవారట. ఎనిమిదో ఏట ఆ పాప జ్వరంతో చనిపోయింది.

"తుప్పుతోపాటు గీతలూ గాట్లూ అన్నీ అరగదీసేశాం సార్, కొత్తదానిలా లేదూ?" అన్నాడు దాన్ని బాగుచేసిన ఇంజనీరు.

"బాగుండాదప్పా," అన్నారాయన.

నేను తీసుకెళ్లకుండా ఉంటే, గీతలున్నాయన్న నమ్మకమైనా ఆయనకు మిగిలేది. అరగదీయకముందు తీసిన ఫొటో ఏదైనా ఉందేమోనని నిర్వాహకులను ఇప్పటికీ అడుగుతున్నాను. ఇంతవరకు దొరకలేదు.