అమ్మకు తెచ్చిన శాలువా

మొన్న దుబాయ్ కరామాలో మా తెలుగు సంఘం సభలో ఎవరో కొత్త శాలువాను ప్లాస్టిక్ కవర్లోంచి తీశారు. ఆ వాసనకు నామీద నాకే ఒళ్లు మండింది.

కరోనా ఏడాది నాకు పదమూడేళ్లు. షార్జాలోని రోలా ప్రాంతంలో ఉండేవాళ్లం. నాన్న సంఘం అధ్యక్షుడు. కానీ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్ల పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన యజమానులు, ఆ కఫీళ్లు, తమ దగ్గరే పెట్టుకుంటే, వాటికోసం రోజంతా ఫోన్లలో పోట్లాడేది అమ్మ. నాన్న స్నేహితులు ఆమెను "ఫస్ట్ లేడీ" అని వెక్కిరించేవారు. అది గౌరవమనుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

నాన్న స్నేహితులు మా ఇంట్లో కూర్చున్న ఒక శుక్రవారం కడప ఖాదర్‌బీ ప్లాస్టిక్ కవర్లో కొత్త శాలువా తెచ్చింది. అమ్మ పోరాడితేనే ఆమె పాస్‌పోర్టు చేతికొచ్చింది. మర్నాడే ఊరికి ప్రయాణం.

"మేడమ్ యాడుంది నాయనా?"

"ప్రెసిడెంట్ మా నాన్న. శాలువా ఆయనకే కప్పాలి," అన్నాను. సభల్లో ఎప్పుడూ అదే చూశాను.

"పిల్లోడి తెలివి చూడు భాయ్. ఫస్ట్ లేడీకి టీ పెట్టే పనుందిలే," అన్నాడో అంకుల్. అందరూ నవ్వారు. నాన్న మెడ వంచాడు. ఖాదర్‌బీ వంటగది వైపు చూస్తూనే కప్పింది. టీ ట్రేతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా అమ్మ "ప్రెసిడెంట్ గారిని అడగండి" అనేది. నాన్న ఫోన్ ఎత్తేవాడు కాదు. ఆ మోత వినబడకుండా నేను టీవీ సౌండ్ పెంచేవాణ్ణి. ఎంతమంది ఆడవాళ్లు చేసి చేసి ఊరుకున్నారో.

అమ్మే విసుగొచ్చి మానేసిందని నాన్న ఇప్పటికీ అంటాడు. మాన్పించింది మేము. అందులో మొదటివాణ్ణి నేను.