గేట్‌వే ముందు సాయిరా

ఆత్మకూరులో జబీవుల్లా స్టూడియోకి వెళ్తే గేట్‌వే ఆఫ్ ఇండియా బొమ్మ వేసిన పాత పరదా ఉంటుంది. పక్కన రెండు కొబ్బరిచెట్లు పెయింటరు సొంతంగా చేర్చాడు. ఇప్పుడు దాని ముందు ఎవరూ నిలబడరు. వచ్చేవాళ్ళందరికీ పాస్‌పోర్టు ఫోటోలే కావాలి.

జబీవుల్లా భార్య సాయిరాకి అసలు గేట్‌వే ముందు ఫోటో దిగి అక్కచెల్లెళ్ళకి చూపించాలని కోరిక. పోయినేడు బొంబాయి తీసుకెళ్ళాడు.

"గడ్డం దించు, నవ్వబాక," అంటూ తీశాడు.

ఊరొచ్చి చూస్తే అన్నిట్లోనూ భుజాల దాకా సాయిరానే ఉంది. రెండు చెవులూ చక్కగా పడ్డాయి.

"గేట్‌వే యాడుండాదయ్యా?"

"నీ యెనకాలే ఉండాది. మొహం బాగొచ్చిందా లేదా?"

సాయిరా బొంబాయిలో కట్టిన చీరే కట్టుకొచ్చి పరదా ముందు నిలబడింది. "ఈసారి దూరం పోయి తియ్యి."

ఆ ఫోటో చూసిన అక్కచెల్లెళ్ళు బొంబాయిలో కొబ్బరిచెట్లు బాగున్నాయన్నారు.