మైకులో చెప్పకూడని మాట

మా ఉస్తాద్ పోయిన వార్త నాకు ఆయన బిగించిన మైకులోనే తెలిసింది. పొద్దున పళ్లు తోముకుంటున్నాను. మసీదు మీది లౌడ్‌స్పీకర్ మొదట కీచుమంది. తర్వాత ఎవరో ఉఫ్ ఉఫ్ అని ఊదారు. ఆ తర్వాత ఆయన ఇక లేరని, మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా లేస్తుందని చెప్పారు. మైకులో ఊదేవాళ్లంటే ఆయనకు పరమ అసహ్యం. "గది మైకు, వేడి ఛాయ్ గాదు" అనేవాడు. వీలుంటే లేచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మసీదు మెట్లెక్కి, తన చావు వార్తను తానే సరిగ్గా చదివి వచ్చి పడుకునేవాడు. అది తలచుకుని నోట్లో నురగతోనే నవ్వాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

దబీర్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో, మా గల్లీ మొదట్లో ఆయన మైకుసెట్ దుకాణం. పెళ్లయినా, పీర్ల పండుగయినా, బోనాలయినా, సంబురం ఎవరిదైనా గొంతు ఆయనదే. నేను బీకాం చదువుతూ, లెక్చరర్ల గొంతులు అనుకరించడమే చదువనుకుంటున్న రోజుల్లో ఒకసారి దుకాణం ముందు నన్ను ఆపాడు.

"నోరు మస్తున్నది బేటా. చెవులే లేవు."

"రెండున్నయి గదా ఉస్తాద్."

"గవి కళ్లద్దాలు తగిలిచ్చుకునేతందుకు. ఇనేతందుకు గాదు."

ఇవాళ పెళ్లి రిసెప్షన్లలో యాంకరింగ్ చేసి బతుకుతున్నానంటే, ముఖం మాడ్చుకున్న పెళ్లికొడుకు మేనమామలు కూడా నా జోకులకు పళ్లు కనబరుస్తున్నారంటే, అది ఆయన పెట్టిన భిక్ష. ఇంత పెద్ద వాక్యం ఆయన విని ఉంటే, "జల్ది ముగించు, కరెంటు పోతది" అనేవాడు.

మైకు ఆన్ చేసేముందు ఆయన గల్లీ అంతా ఒకసారి నడిచి వచ్చేవాడు. ఏ మ్యాన్‌హోల్‌కు మూత లేదో, ఏ తీగ కిందికి వేలాడుతోందో, జనం తోసుకుంటే ఎటువైపు పోతారో చూసుకునేవాడు. పండుగకు ముస్తాబైన గల్లీని ఆయన వెనకాల నడిచి చూస్తే వేరే గల్లీలా కనిపించేది. రంగుకాగితాల వెనక అన్నీ గుంతలే, పగుళ్లే. తిరిగొచ్చి నాలుక కింద ఒక లవంగం పెట్టుకుని, మైకుకు తెల్ల రుమాలు చుట్టి, వేలితో రెండుసార్లు తట్టేవాడు. వేదిక మీద ఎంత పెద్ద లీడరున్నా సరే, అటు వీపు పెట్టి జనం వైపే తిరిగి నిలబడేవాడు.

"లీడరు పడితె లేపెటోళ్లు మస్తుమంది. జనం పడితె ఎవరు లేపుతరు?"

ఒక బోనాల పండుగకు స్తంభం మీద తీగ చిటపటమని నిప్పులు రాల్చింది. చూసినవాళ్లు తక్కువ. కానీ కమిటీ పెద్దమనిషి ఒకాయన మైకు లాక్కుని, "ఎవ్వరు భయపడొద్దు! ఏం కాలే!" అని అరిచాడు. అంతే, గల్లీ గల్లీయే ఉరికింది. అదృష్టం బాగుండి చెప్పులు తప్ప ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. ఉస్తాద్ ఆ చెప్పులన్నీ వేదిక దగ్గర కుప్ప పోయించి, తప్పిపోయిన పిల్లల గురించి చెప్పినట్టే గంభీరంగా చెప్పడం మొదలుపెట్టాడు. "ఎర్ర పట్టీ, ఎడమ కాలు, ఏడుస్తున్నది. తల్లిదండ్రులు వచ్చి తీస్కపోవాలె." జనం నవ్వుకుంటూ ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. ఆ సాయంత్రం నాతో అన్నాడు: "మైకుల భయం పేరు తియ్యకు. లేనోనికి సుత పుడ్తది."

ఇక బాల్కనీ సంగతి. గల్లీ మలుపులో ఒక పాత మేడ ఉంది. ఇంకో ఏడు బోనాలకు పోతరాజును చూడడానికి ఆడవాళ్లు, పిల్లలు దాని బాల్కనీ నిండా కిక్కిరిసి నిలబడ్డారు. మైకు నా దగ్గరుంది, నేను జోకులు వేస్తున్నాను, వాళ్లు ఊగిపోయి నవ్వుతున్నారు. ఉస్తాద్ చేయి నా భుజం మీద పడింది. చల్లగా ఉంది. "నవ్వియ్యకు" అన్నాడు మెల్లగా. ఆయన చూపు వెంట చూశాను. బాల్కనీ అడుగు నుంచి సున్నం సన్నగా, జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలుతోంది.

మైకు తీసుకుని, ఏమీ జరగనట్టే చెప్పాడు. "మేడ మీది అమ్మలకు వేదిక కాడ అమ్మవారి బొట్టు పెడ్తున్నరు. ఒక్కొక్కరే నిమ్మళంగ దిగి రావాలె. కిందున్న అన్నలు జర ఎన్కకు జరిగి తొవ్వ ఇయ్యాలె." అలాంటి కార్యక్రమమేదీ లేదు. నేను కుంకుమ గిన్నె కోసం గుడిలోకి ఉరికాను. అందరూ దిగారు, ఒక్క అవ్వ తప్ప.

"ఓ మైకాయనా, నాకు మోకాళ్ల నొప్పులు. బొట్టు ఈడికే పంపు."

"అవ్వా, నీ కోడలు ఈడ నీ ముచ్చట ఏందో చెప్తున్నది. మైకుల చెప్పమంటవా?"

మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో, అవ్వ దిగింది. ఉస్తాద్ స్పీకర్ల ట్రాలీని తోయించి, ఎవరూ నిలబడకుండా బాల్కనీ కింద అడ్డంగా పెట్టించాడు.

బాల్కనీ పడలేదు. కమిటీ వాళ్లు నవ్వారు. "ఏం పడలే గద ఉస్తాద్, ఉత్తగనే లొల్లి చేసినవ్."

"ఇంక పడలే" అన్నాడాయన.

ఆ తర్వాత కిరాయిదార్లు ఖాళీ చేశారు. మేడకు తాళం పడింది. వారసుల కొట్లాట తెగలేదు. ఎవరో వచ్చి గోడకు నోటీసు అంటించి పోయారు. వానకు నోటీసు ఊడింది, బాల్కనీ ఊడలేదు. ఏ పండుగ వచ్చినా ఉస్తాద్ ట్రాలీ మాత్రం దాని కిందకే చేరేది.

ఆయన జనాజా కూడా అటు నుంచే పోయింది. సరిగ్గా అక్కడే, భుజాలు మార్చుకోవడానికి, జనం క్షణం ఆగారు. ట్రాలీ అడ్డం పెట్టాల్సిన మనిషి ఆ భుజాల మీదే ఉన్నాడు. నేను పైకి చూస్తూ నడిచాను. ఏడవడం కూడా మరిచిపోయాను.

రేపు బోనాలు. మైకు నాకు ఇచ్చారు. ఆయన కొడుకు రుమాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "అబ్బా ఉంటే నీకే ఇస్తుండె భాయ్" అన్నాడు. సాయంత్రం గల్లీ అంతా నడిచాను. మలుపు దాకా వచ్చేసరికి బాల్కనీ కింద ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, అందులో ఆ మోకాళ్ల నొప్పుల అవ్వ. మేడలెక్కే వయసు దాటిందని, రేపటి కోసం ఇవాళే జాగా పట్టుకుంది. ట్రాలీ తెమ్మని మనిషిని పంపి, వేదిక దగ్గరికి పోయి, నాలుక కింద లవంగం పెట్టుకుని, మైకు పరీక్షిస్తున్నట్టు రెండుసార్లు తట్టాను.

"అవ్వా, నీ కోడలు ఈడ..."

"గది ఉస్తాద్ ఎప్పుడో చెప్పిండు" అని అక్కడి నుంచే అరిచింది. "కొత్తది చెప్పు బిడ్డా."

ఆమె కొంగుతో ఒళ్లో పడిన తెల్లపొడి దులుపుకుంది. మళ్లీ పడింది. నా నోట్లో లవంగం మండుతోంది. ఆ చెప్పకూడని మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పుల కుప్ప గుర్తొచ్చింది.

"ఒక ముఖ్య గమనిక. ఆకుపచ్చ చీర కట్టిన చిన్నపిల్ల తప్పిపోయింది. పండ్లు ఇంక రాలే. ఎర్ర కుర్చీల కూసొని ఉన్నది. దొర్కవట్టినోళ్లకు వేదిక కాడ ఐస్‌క్రీం."

గల్లీ పిల్లలంతా అవ్వ మీద పడ్డారు. "దొరికిందన్నా, దొరికింది!" అంటూ చేతులు పట్టి లేపుకొచ్చారు. "నీ మైకు పగల" అని తిడుతూ, బోసినోటితో నవ్వుతూ వచ్చింది.

కుర్చీ అక్కడే ఉంది. రేపు తన జాగా పోకుండా అవ్వ దాన్ని స్తంభానికి తాడుతో కట్టేసుకుంది. ట్రాలీ వచ్చేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎవరూ లేని ఆ ఎర్ర కుర్చీలో సున్నం సన్నగా, చప్పుడు లేకుండా రాలుతూనే ఉంది.