శనివారమే మారిన గడియారం

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నేను శామీర్‌పేట దగ్గర ఒక ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్‌ని. రికార్డులు సరిచూసి, మందు బయటికి వెళ్లొచ్చని సంతకం పెట్టడం నా పని. విదేశంలోని మా హెడ్డాఫీసుకు అప్పుడొక ఆలోచన వచ్చింది. అన్ని దేశాల్లోని తమ యంత్రాలకూ ఒకే టైం, గ్రీనిచ్ టైం పెట్టాలని. అమలు సోమవారం నుంచి. మన టైం దానికంటే ఐదున్నర గంటలు ముందు.

రెండు వారాలకు ఆడిటర్ ఒక తప్పు పట్టాడు. ఆ సోమవారానికి ముందటి శనివారం, సీసాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవులో పదీ పదికి లోడు పెట్టినట్టు రిజిస్టరులో ఉంది. యంత్రం ముద్రించిన చార్టులో శుద్ధి నాలుగూ నలభైకే మొదలైంది. రిజిస్టరు రాసింది సూరారం నుంచి వచ్చే ఆపరేటర్ సుజాత. జరగని టైం రాయడాన్ని మా వృత్తిలో రికార్డు తారుమారు అంటారు. ఉద్యోగం పోతుంది, ఇంకెక్కడా దొరకదు.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలని నాకు వెంటనే తట్టింది. తడితే చాలదు, కాగితం కావాలి. మార్పుల రిజిస్టరేమో ఆటోక్లేవు టైం సోమవారమే మారిందంటోంది. దాని కింద సంతకం నాది. యంత్రాల కంపెనీ ఇంజనీరు ఇచ్చిన లిస్టు చూసి పెట్టాను, యంత్రం దగ్గరికి వెళ్లలేదు.

సుజాతను పిలిచి అడిగితే పదీ పదికే పెట్టిన సార్ అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. విసుగొచ్చి చార్టు తిరగేశాను. వెనక పెన్సిల్‌తో ‘మన టైం 10.10’ అని ఉంది.

"పెన్సిల్‌తోని రాస్తే తప్పన్నరు గద సార్, గందుకే చెప్పలే," అంది. "శనివారం పొద్దుగాల్నే ఇంజనీరొచ్చి టైం మార్చి పోయిండు. సోమవారం ఆయనకు వేరే పనుందంట."

పెన్సిల్ రాతను చెరిపేయొచ్చు గనుక మందుల ఫ్యాక్టరీలో అది నిషేధం. ఆ సంగతి మీద క్లాసు తీసుకున్నదీ నేనే.

గేటు రిజిస్టరు తెప్పించాను. సెక్యూరిటీవాళ్లు చేతిగడియారం చూసి రాసేది గనుక గ్రీనిచ్ టైం అక్కడిదాకా రాలేదు. శనివారం తొమ్మిదీ ఇరవైకి ఇంజనీరు లోపలికి, తొమ్మిదీ యాభైకి బయటికి. పదీ పదికి లోడు పెట్టేసరికే యంత్రం టైం మారిపోయి ఉందన్నమాట. సుజాత ఆ పేజీ చూసి, "ఇగ ఇంటికి పోయి ఏం జెప్పాల్నో అనుకున్న సార్," అంది.

ఆడిటర్ ఒప్పుకున్నాడు. పెన్సిల్ వాడినందుకు సుజాత మళ్లీ క్లాసులో కూర్చుంది. చూడకుండా సంతకం పెట్టినందుకు ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. చార్టుకు జతచేసే ఫారంలో స్థానిక టైంకు ఒక గడి చేరింది, పెన్నుతో నింపేందుకు.

కొంపల్లిలో నా వాకింగ్ మిత్రులు ఇప్పుడు ప్రపంచమంతటికీ ఒకే టైం ఉంటే హాయి అని వాదిస్తుంటారు. నాకేం అభ్యంతరం లేదు. మార్చే రోజున గడియారం దగ్గరికి వెళ్లి, కళ్లతో చూసి సంతకం పెట్టే మనిషి ఉండాలి. మా ఫ్యాక్టరీలో ఆ మనిషిని నేనే, నేను వెళ్లలేదు.