పూజలో పెట్టిన మాత్రలు

రోడ్డు మీద పగిలిన బూడిద గుమ్మడికాయ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు నాగరత్నక్క గుర్తుకు వస్తుంది. మొన్న ఆయుధపూజ నాడు బ్రూస్‌పేటలో ఆటో దిగేసరికి అంగళ్ల ముందు కుంకుమ నీళ్లు, నలిగిన నిమ్మకాయలు, కర్పూరం పొగ. ఆమె పోయి మూడేళ్లయింది. ఉండి ఉంటే ఆ పొగలో నిలబడి ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది.

దోణిమలై గనుల నుంచి ఖనిజం తోలే ఆరు లారీలకు ఆమె యజమాని. ఆమె షెడ్డులో ట్రిప్పు చీటీలు రాసే గుమాస్తాను నేను. ఆమెకు షుగరు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచే ముందు, ఎదురుగా డ్రైవర్లున్నా సరే, కుర్చీలోంచి లేవకుండానే కొంగు పక్కకు తోసి పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకునేది. వాళ్లే సిగ్గుపడి తల తిప్పుకునేవారు. నేను అప్పటికి రెండేళ్లుగా మనసు కుంగుబాటుకు మాత్రలు వాడుతున్నాను. మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్రను షెడ్డు వెనక బాత్రూంలో, షీటు చింపే చప్పుడు వినబడకుండా కొళాయి తిప్పి మింగేదాన్ని.

గాంధీనగర్‌లోని మా ఇల్లు దసరాకు చుట్టాలతో నిండిపోతుంది. "ఈ తొమ్మిది దినాలు ఆపితే ఏమీ గాదులేమ్మా. మీ మేనత్త కంట్లో పడిందంటే ఊరంతా టాంటాం ఏస్తాది" అనేది మా అమ్మ. చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. ఒక ఏడాది ఆమె మాట విని ఆపాను. కొత్త చీర కట్టుకుని అందరికీ వడ్డిస్తూ నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి. దీపావళి నాటికి మంచం దిగలేకపోయాను. బతకడం దేనికనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది, పండగ పేరు చెప్పి జబ్బు మనిషి చేత కూడా నవ్వు మొహం పెట్టించే ఈ లోకం.

అంత జరిగాక కూడా మరుసటి దసరాకు మళ్లీ ఆపాను, నా తెలివి అట్లాంటిది. ఆయుధపూజ ముందురోజు నాగరత్నక్క నా చీటీలు తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఏమ్మే, ఒకే టైముకు నాలుగు చీటీల్లోనూ ఒకటే లారీ ఉండాది. అదేమన్నా రెక్కలు కట్టుకోని ఎగురుతాండాదా?"

నవ్వబోయి ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. ఓదార్చడం ఆమెకు చేతకాదు.

"మానమని డాక్టరు చెప్పినాడా?"

"లేదక్కా, అమ్మ..."

"మీయమ్మ యా ఆస్పత్రిలో డాక్టరు? ముందు ఆయప్పకు ఫోన్ కొట్టు. నేను సూది పొడుచుకుంటే నోరు మెదపని జనం, నీ మాత్రకు ఏం పీకుతారంట?"

ఎదురుగా కూర్చుని ఫోన్ చేయించింది. డాక్టరు చివాట్లు పెట్టి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో చెప్పారు. నేను ఇంటికి బయల్దేరుతుంటే ఆమె తల ఎత్తకుండానే అంది: "రేపు పూజలో నా సూది పెడతాండా. నీది తెస్తావో తేవో, నీ ఇష్టం."

మర్నాడు స్పానర్లు, జాకీలు, గ్రీజు గన్ను, నా స్టేప్లరు వరుసగా పేర్చి బంతిపూలు పెట్టారు. వాటి మధ్య ఆమె ఇన్సులిన్ పెన్ను. నేను సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. చివరికి షీటు తీసి దాని పక్కన పెట్టాను. డ్రైవర్లలో పెద్దవాడైన బసప్ప అన్నిటికీ కుంకుమ పెడుతూ అక్కడ ఆగాడు.

"ఇవేం మాత్రలమ్మా?"

ఆమె చెబుతుందేమోనని నాగరత్నక్క వైపు చూశాను.

"నా మొగం జూస్తావేంది? అడిగింది నిన్ను."

"మనసు కుంగిపోకుండా ఏసుకునేవి అన్నా," అన్నాను.

"హౌదా, అట్లనా? మా చిన్నాయన గూడా ఏసుకుంటాండె. మద్దెలో ఇడిసిపెట్టి శానా కష్టపడె," అని షీటుకు కూడా ఇంత కుంకుమ పెట్టి జాకీ దగ్గరికి పోయాడు. అంతే. కొంపలేమీ మునగలేదు. ఇన్నాళ్లూ నేను కొళాయి తిప్పుకుంటూ దాచింది ఈపాటి దానికా అని ఒళ్లు మండింది.

పూజ చేసిన పనిముట్లను మర్నాటి దాకా ముట్టుకోకూడదని ఆమె నియమం. ఊడిన చక్రం బిగిద్దామని ఎవరో స్పానరు అందుకోబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. అలాంటి మనిషి అన్నాల వేళ కాగానే తనే పోయి ఇన్సులిన్ పెన్ను తీసుకుంది.

"పూజలోవి తీయగూడదంటివే అక్కా?" అన్నాడు బసప్ప.

"స్పానరు పండుకుంటే లారీ నిలబడ్తాది. ఇవి పండుకుంటే మనమే పండుకుంటామప్పా. వీటికి సెలవు లేదు. సుజాతా, తిన్నాక నీది నువ్వు తీసుకో."

తిన్నాక, అందరి ముందూ మింగాను.

ఆ తరువాత ఏ పండగకూ మాత్ర ఆపలేదు. నవ్వు రాకపోతే నవ్వను. జనం ఎక్కువైతే గదిలోకి పోయి తలుపు వేసుకుంటాను. ఎవరేమనుకుంటారోనన్న బెంగ పూర్తిగా పోయిందని చెప్పను, దానికి లొంగడం మాత్రం మానేశాను. అమ్మకు ఇది చాలాకాలం మింగుడు పడలేదు. చుట్టాల మధ్య నేను షీటు తీస్తే చాలు, ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఈ దసరాకు మా హాల్లో పదిహేనుమంది భోజనాలకు కూర్చున్నారు. నేను ఓళిగలు, అవే బొబ్బట్లు, వడ్డించడంలో పడి టైము మరిచిపోయాను. వంటింట్లోంచి అమ్మ గొంతు వీధి దాకా వినబడింది.

"సుజాతా, మాత్ర ఏసుకుంటివా లేదా?"

మా అత్త తినడం ఆపి తలెత్తింది. "ఏం మాత్ర వదినా?"

అమ్మ గరిటెతో సహా హాల్లోకి వచ్చింది.

"దాని మనసుకు. నీకింకో ఓళిగ ఎయ్యాల్నా?"